ఆవిరి మేడమ్ క్లాసు తిరగేసిన వైనం

స్టాఫ్ రూములో నా ఎదురు బల్ల ఆవిరి మేడమ్‌ది. ఇరవై రెండేళ్లుగా ఉష్ణశాస్త్రం చెబుతున్నారు కాబట్టి ఆ పేరు. కోపమొస్తే ఆవిడ చెవుల్లోంచి అదే వస్తుంది కాబట్టి అని పిల్లలంటారు.

సుద్దముక్క అందుకుంటే బోర్డు నిండేదాకా ఆగని మనిషి. అలాంటావిడకి యూనివర్సిటీ వారు క్లాసు తిరగెయ్యమని చెప్పారు. పాఠం వీడియో తీసి పంపాలి, పిల్లలు ఇంట్లో చూసి రావాలి, లెక్కలు మాత్రం క్లాసులో వాళ్లే చెయ్యాలి. గురువారం మా డిపార్ట్‌మెంటు హెడ్డుగారు వచ్చి చూస్తారు. కుదరలేదా, సబ్జెక్టు ఇంకొకరికి.

"బియ్యం వాళ్లింటికి పంపి, ఉడికించుకుని రండి, ఇక్కడ కూర్చుని తిందాం అన్నట్టుంది!" అని మేడమ్ నా మీద విరుచుకుపడ్డారు, ఆ ఉత్తర్వు నేనే రాసినట్టు.

అయినా తీశారు. వెలుతురు బాగుంటుందని వంటగదిలో, ఫోను డబ్బాకి ఆనించి. తన మొహం తను చూసుకోవడానికి సిగ్గేసి, ఒక్కసారైనా చూడకుండా పంపేశారు.

సోమవారం క్లాసులో, "చూశారా?"

"చూశాం మేడమ్!" ముక్తకంఠం.

"గుప్తోష్ణం అంటే?"

అందరూ నోటుపుస్తకాల్లో తలలు దూర్చారు.

"రెండింతల స్పీడులో చూశాను మేడమ్," అన్నాడొకడు. "మీరు పిట్టలా మాట్లాడారు."

గురువారం రానే వచ్చింది. హెడ్డుగారు వెనక బెంచీలో సర్దుకున్నారు. మేడమ్ గుండె దిటవు చేసుకుని అడిగారు.

"నీళ్లు నూరు డిగ్రీలకు చేరాక ఏమవుతుందని చెప్పాను?"

మూడో బెంచీ అమ్మాయి లేచింది. "పాలు పొంగుతాయి మేడమ్."

"పాలేంటమ్మా? నీళ్లన్నాను!"

"పదకొండో నిమిషంలో మేడమ్. 'ఏవండీ, పాలు పొంగుతున్నాయి! మొద్దులా నిలబడతారేం, స్టవ్ ఆపండి!' అన్నారు."

"ఆ పేపరు అవతల పారెయ్యండి!" అని మిగతా యాభైమందీ అందుకున్నారు. ఆ ముక్క కత్తిరించి అందరూ పంచుకున్నారట. హెడ్డుగారు రుమాలు నోట్లో కుక్కుకున్నారు.

మేడమ్ మొహం కందగడ్డ. "నవ్వింది చాలు. నీళ్లు మరిగితే గిన్నెలోనే ఉంటాయి. పాలెందుకు పొంగుతాయి? చెప్పి చావండి!"

"మీగడ వల్ల మేడమ్."

"మీగడ ఏం చేస్తుంది?"

"మూతలా కడుతుంది..."

"అయితే ఆవిరి ఎటు పోతుంది?" అని వెనకనుంచి ఇంకొకడు. ఎవడో సుద్దముక్క లాక్కుని బోర్డు మీద గిన్నె గీశాడు. ఇంకొకడు ఆ గిన్నె తప్పన్నాడు. హెడ్డుగారు కూడా ఆగలేక లేచారు.

"గరిటె వేసి ఉంచితే పొంగవయ్యా!"

"ఎందుకు సార్?" అంది మూడో బెంచీ.

"మా ఆవిడ వేస్తుంది."

"అది కారణం కాదు సార్."

ఆయన వాళ్ల బల్ల దగ్గరే కూర్చుని లెక్కలో పడ్డారు. గంట మోగినా ఎవరూ లేవలేదు.

మధ్యాహ్నం మేడమ్ కుర్చీలో కూలబడ్డారు.

"సబ్జెక్టు పోయిందా?" అన్నాను.

"పోతే బాగుండేది. ఇంకో రెండు సబ్జెక్టులకి కూడా వీడియోలు నన్నే తియ్యమన్నారు హెడ్డుగారు. కనీసం ఆ 'మొద్దు' ముక్కయినా తీసెయ్యనివ్వండి సార్, మా ఆయన చూస్తే కొంపలంటుకుంటాయి అని బతిమాలానండీ."

"ఏమన్నారు?"

"అది తీసేస్తే పిల్లలు చూడరట!"