కౌంటరుకు అవతలి వైపు

బోర్డింగ్ గేటు దగ్గర పాసును యంత్రం మీద ఆనించగానే 'కీక్' మని చిన్న శబ్దం వస్తుంది. మొదటిసారి విమానం ఎక్కేవారికి దారి చూపడం నా పని కాబట్టి రోజంతా అది వింటూనే ఉంటాను. ఈ ఉదయం మాత్రం ఆ శబ్దం బిల్లు కొట్టే యంత్రం శబ్దంలాగే వినిపించి, నన్ను శంషాబాద్ సూపర్ మార్కెట్‌కు, రూతక్క దగ్గరికి తీసుకుపోయింది. మా డెస్కులో చేరి ఎన్నాళ్లూ కాని స్వప్న, వేరే ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి తప్పు చేసినదానిలా తల దించుకుని నా ముందు నిలబడి ఉంది.

నేను ఉద్యోగమంతా బస్సు కండక్టరుగా చేశాను. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక ఆ సూపర్ మార్కెట్లో క్యాషియర్‌గా చేరాను. బిల్లింగ్ కౌంటర్లన్నీ రూతక్క చూసుకునేది. పక్కనే ఉన్న తొండుపల్లి మనిషి. వయసులో నా బిడ్డలాంటిది, అయినా అందరితోపాటు నేనూ అక్క అనే పిలిచేవాణ్ణి. మొదటి రోజు నా ముందు వరుస పెరిగేసరికి పాత అలవాటు నోటికొచ్చింది. "జరగుండ్రి, ముందుకు జరగుండ్రి, లోపల ఖాళీ ఉంది" అని గట్టిగా అరిచాను. బుట్టలు పట్టుకున్న జనమంతా నవ్వారు. "టికెట్ గిట్ల కొడ్తవా పెద్దాయనా?" అన్నాడొకాయన. రూతక్క కూడా నవ్వి, నవ్వు తగ్గాక నా పక్కకొచ్చి నిలబడింది.

"బాపు, సామాన్లు యాడికీ పోవు. మొదలు మనిషి మొకం చూడు. నిలవడలేనోళ్లు, పరేషాన్ల ఉన్నోళ్లు మొకంలనే తెలుస్తరు. సామాన్లల్ల ఏం తెలుస్తది?"

అది ఆమె కౌంటర్ల పద్ధతి. మొహం చూడకుండా సబ్బు బిళ్లను కూడా స్కానర్ దగ్గరికి తేనిచ్చేది కాదు. కిక్కిరిసిన బస్సులో చాచిన చేతులు తప్ప మొహాలు చూసే తీరిక నాకెప్పుడూ దొరకలేదు. అరవై దాటాక ఆ పని కొత్తగా నేర్చుకున్నాను. నేర్చుకున్న కొద్దీ నా వరుస నెమ్మదించింది. దుబాయికి పోయేవాళ్లు పచ్చడి సీసాలు, డబ్బాలు కట్టే తాళ్లు కొనడానికి వచ్చేవారు. వాళ్ల మొహంలో బెదురు కనిపిస్తే ఊరుకోలేకపోయేవాణ్ణి. ఏ బస్సెక్కాలో, లోపలికి వెళ్లాక ఏ వరుసలో నిలబడాలో, పచ్చడి ఏ సంచిలో పెట్టాలో చెప్పేవాణ్ణి. "ఆయన బిల్లులు కొడ్తలేడు, ఎంక్వైరీ ఆఫీసు పెట్టుకున్నడు" అని మేనేజరు విసుక్కున్నాడు.

ఒక మధ్యాహ్నం చాయ్ తాగుతుంటే రూతక్క అంది: "ఎయిర్‌పోర్ట్‌ల గిట్ల దారి చెప్పే పనికి మనుషులను తీసుకుంటున్నరట బాపు. మా చర్చికొచ్చే అన్న చెప్పిండు. రేపు పోయి మాట్లాడు."

నాకు కాలు కదలలేదు. అది వినాయక చవితి ముందు రద్దీ. పైగా జీవితమంతా ఒక్క ఉద్యోగాన్నే అంటిపెట్టుకున్నవాణ్ణి. నాలుగు నెలలైనా నిండకుండా మానేస్తే ముసలాయన తట్టుకోలేక పారిపోయాడంటారని భయం.

"పండుగ అయినంక చూద్దాం లే అక్కా."

"గప్పటిదాంక ఆళ్లు నీకోసం ఆగుతరా?"

"గింత గిరాకీల నువ్వొక్కదానివి ఎట్ల చేస్తవు?"

"నేను చేస్త. దిగే స్టేజి వచ్చినా సీటు ఇడవకుంట కూసున్నోళ్లను నువ్వు బస్సుల ఏమంటుంటివి?"

ఏమనేవాణ్ణో ఆమెకు చెప్పదగ్గ మాట కాదు. నవ్వేశాను. ఆమె నవ్వలేదు. "నా దగ్గర పని నేర్చినోళ్లు చిన్నబోయి పోవద్దు బాపు. పెద్ద పనికి పోవాలె. గదే నాకు పేరు" అంది.

మరునాడు నన్ను ఎయిర్‌పోర్ట్‌కు పంపి, నా కుర్చీలో ఆమే కూర్చుంది. మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదని తరువాత తెలిసింది. నాకు ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు కౌంటర్లన్నిటికీ వినిపించేలా ఆ మాట చాటింది. ఆ రోజు డైరీలో, ఇన్నేళ్లలో ఇలాంటి అధికారి కింద పనిచేయడం ఇదే మొదటిసారని రాసుకున్నాను.

మానేసేవాళ్లను పంపడానికి రూతక్కకు ఒక ఆచారం ఉండేది. చివరి రోజు వాళ్లు యూనిఫాం విడిచి, ఏదో ఒక వస్తువు తీసుకుని, కొనేవాళ్ల వరుసలో నిలబడాలి. వాళ్ల స్థానంలోకి వచ్చినవాళ్లు ఆ బిల్లు కొట్టాలి. నేను చాయ్ పొడి పొట్లం పట్టుకుని నిలబడ్డాను. కొత్తగా చేరిన అమ్మాయి పొట్లం వైపు చేయి చాచి, రూతక్క చూపు చూసి ఆగి, నా మొహంలోకి చూసింది. "మంచిగున్నరా తాతా?" అంది. బిల్లు అయిపోయినా అక్కడే నిలబడిపోయాను. వెనక నుంచి రూతక్క గొంతు వినిపించింది.

"ముందుకు జరుగు బాపు. లోపల ఖాళీ ఉంది."

వరుసంతా నవ్వింది. నేను తలెత్తుకుని బయటికి నడిచాను.

ఈ ఉదయం స్వప్న, "సారీ అంకుల్, చేరి మూడు నెలలే అయింది..." అంటూ నసిగింది. ఆమెకు విమాన సంస్థలోనే ఉద్యోగం వచ్చింది. మాట పూర్తి కానివ్వకుండా చేయి పట్టుకుని డెస్కుకు అవతలి వైపు, ప్రయాణికులు నిలబడే చోట నిలబెట్టాను. చేతిలో ఒక పాత పాసు పెట్టాను. ఆమె కుర్చీలో, డెస్కులో పని నేర్చుకుంటున్న కొత్తామెను కూర్చోబెట్టాను. కొత్తామె కంగారుగా ఆ పాసు కోసం చేయి చాచింది.

"కాగితం యాడికీ పోదమ్మా. మొదలు మొకం చూడు" అన్నాను.

ఆమె చూడటం కోసం స్వప్న తల ఎత్తింది.