పెరటాసి శనివారాలు, పాప మాత్రలు

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు తరుగుతుంటే దగ్గు తెర వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుని చూస్తే రక్తం. అయిదేళ్లుగా హెచ్ఐవీకి మాత్రలు మింగుతున్నదాన్ని, కత్తి పక్కన పెట్టి ఆసుపత్రికి బయల్దేరాను.

చిత్తూరులో తెలిసినవాళ్లు చూస్తారని నేను మందులకు తిరుపతి వెళ్తాను. అక్కడే కఫం టెస్ట్ చేసి టీబీ అన్నారు. డాక్టరమ్మ వెంటనే, "ఇంట్లో పిల్లలుండారా?" అని అడిగింది.

ఉంది. పదిహేనేళ్ల హారిక. దానికి హెచ్ఐవీ లేదని తేలిన రోజు నుంచి ఆ ఒక్క సంతోషం మీదే బతుకుతున్నాను.

టీబీ కోసం స్కిన్ టెస్ట్ వేసిన రెండు రోజులకు దాని చేతి మీద సూది గుచ్చిన చోట గట్టిగా ఉబ్బింది. ఎక్స్‌రే మాత్రం బాగుంది. "క్రిమి లోపల నిద్రపోతా ఉండాది. లేవకముందే మందేయాల. వారానికొకసారి, పన్నెండు వారాలు, అన్నం తిన్నాక" అన్నారు. నేనే అంటించానని బస్సులో దాని మొహం చూడలేకపోయాను.

స్వామి వారమైతే మరిచిపోమని శనివారం పెట్టించింది నేనే. ఇంతలో స్వామికి మొక్కుకునే పెరటాసి నెల వచ్చింది. మా వైపు ఆ శనివారాలు పగలంతా ఏమీ తినక ఒక్కపొద్దు ఉంటాం. పాపకు వండి పెట్టి, మాత్రలు చేతికిచ్చి గుడికి పోయేదాన్ని.

ఒకరోజు దాని జామెట్రీ బాక్సులో మూడు వారాల మాత్రలు దొరికాయి. కోపం పట్టలేక చెయ్యి చేసుకున్నాను.

"నువ్వు పస్తుంటే నేనెట్ల తినేది మా?" అని ఏడ్చింది. "నీకు నయం గావాలని నేనూ ఒక్కపొద్దు పట్టినా. ఉత్త కడుపుతో ఏసుకుంటే వాంతయింది. చెప్తే తిడతావని దాచినా."

నేను వండినదంతా పక్కింటి ఆవుకు పెట్టిందట. పాపను కావలించుకుని చాలాసేపు ఏడ్చాను. మర్నాడే తిరుపతి వెళ్లాం.

"మించిపోయిందేం లేదు, తప్పినవి చివర్లో ఏసుకుందాం. వారం మాత్రం మార్చుకోండి" అంది ఆసుపత్రి కౌన్సిలర్. తర్వాత నా వైపు తిరిగింది. "టీబీ మందు తింటా నువ్వు పస్తుండేదేందమ్మా? నిన్ను జూసే గదా పాప నేర్చుకునింది."

మాత్రలు ఆదివారానికి మార్చాం. నా ఒక్కపొద్దూ మానేశాను. ఆ శనివారం పొద్దున్నే సంగటి ముద్ద నోట్లో పెట్టుకుంటే, స్వామికి ఏమనిపిస్తుందోనని భయమేసింది. హారిక ఆ ముద్ద నా గొంతు దిగేదాకా చూసి, అప్పుడు తన కంచం ముందుకు లాక్కుంది.

ఇద్దరి టీబీ మందులూ పూర్తయ్యాయి. నా కఫంలో ఇప్పుడు క్రిమి లేదు. హారిక ఇంటర్‌లో చేరింది.

నాలాంటి తల్లులకు ఒక్క మాట. మాత్ర పిల్ల చేతికిచ్చి వెళ్లిపోకండి. పక్కన కూర్చోండి. ముందు మీరు ఒక ముద్ద తినండి.