ఫింటన్ ఎవరి మనిషి?

మా చుట్టుపక్కల గుర్రాలకు లాడాలు కొట్టే మనిషి ఒక్కడే ఉన్నాడు. వాడు మూడేళ్ళు ఎండనక మంచనక మా గుర్రాల కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పనిచేశాడు. అందులో ఒక్కరోజు కూడా లెక్కలోకి రాదని ప్రభుత్వం ఉత్తరం రాసింది. అది గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. సగం మంట వాళ్ళ మీద, సగం నా మీద.

వాడి పేరు ఫింటన్ కాన్సిడైన్, ఐర్లండ్ వాడు. నేను లోర్నాని. మా ఆయన పోయాక ఆల్బెర్టాలో ఈ కొండల కింద నలభై గుర్రాలు పెట్టుకుని, సెలవులకు వచ్చే జనాన్ని సవారీ తిప్పి బతుకుతున్నాను. మా పాత లాడాలాయన చనిపోయాక రెండేళ్ళపాటు సగం గుర్రాలు కుంటుతూనే తిరిగాయి. అప్పుడు దిగాడు ఫింటన్, డొక్కు ట్రక్కులో వెనక, లాడాలు సాగగొట్టే ఇనుప దాగలి వేసుకుని. నన్ను పలకరించనైనా లేదు. తిన్నగా పోయి మా ముసలి గుర్రం గిట్ట ఎత్తి చూశాడు.

"దీనికి లాడాలు కొట్టింది మనిషేనా, మిసెస్?" అన్నాడు.

"నేనే కొట్టాను."

"అయితే మీ చేతి వంట తినాలంటే కాస్త ఆలోచించాలి."

వాడి పద్ధతులు వాడివి. పని అయ్యేదాకా ఎవరింట్లోనూ టీ ముట్టడు. ఏ రోజు ఎవరి గుర్రాలో ట్రక్కు తలుపు మీద సుద్దతో రాసుకుంటాడు. ఆ రోజే వస్తాడు. కాళ్ళు పట్టుకున్నా ఒక్కరోజు ముందు రాడు. పనిచేసేటప్పుడు ఏదో కూనిరాగం తీస్తుంటాడు, గుర్రాలు చెవులు వాల్చి వింటాయి. గుర్రాన్ని ఎవరైనా కొడితే మాత్రం సామాను సర్దుకుని వెళ్ళిపోతాడు. పక్క ఆసామి వెండెల్, డెబ్భై ఏళ్ళ మొండి ఘటం, గుర్రం కదిలిందని దాని డొక్కలో తన్నాడొకసారి. అప్పటికి మూడు కాళ్ళకు లాడాలు పడ్డాయి. నాలుగో కాలు అలాగే వదిలేసి పోయాడు ఫింటన్. వెండెల్ వారం రోజులు బతిమాలితే గానీ మళ్ళీ రాలేదు.

రెండో ఏడు నేనే అడిగాను, నెలజీతం ఇస్తాను, నా దగ్గరే ఉండిపొమ్మని.

"నాకు దొరలొద్దు, మిసెస్," అన్నాడు. "మా నాన్న ముప్పై ఏళ్ళు ఒకడి లాయంలో తలొంచుకుని చేశాడు. వంగిన మెడ మళ్ళీ లేవలేదు."

అంత పొగరున్నవాడు కూడా ఇక్కడ ఉండిపోవాలని మాత్రం గట్టిగా అనుకున్నాడు. "మా ఊళ్ళో నాకోసం ఎదురుచూసేవాళ్ళు లేరు. ఇక్కడ గుర్రాలు కూడా చూస్తాయి," అనేవాడు. వాడి పని అనుమతికి గడువుంది. అది తీరేలోపు శాశ్వత నివాసం రాకపోతే ట్రక్కు, దాగలి అమ్ముకుని విమానం ఎక్కాల్సిందే. దరఖాస్తుకు ఇక్కడ ఏడాదైనా పనిచేసినట్టు యజమాని రాసిన ఉత్తరం కావాలన్నారు. ఫింటన్‌కు యజమానేడీ?

"ఒక్కడు లేకపోతేనేం, పదిహేడుమందిమి ఉన్నాం!" అన్నాను నేను. అదీ నా తెలివి. మా దగ్గర వంతెన కావాలన్నా, బడి బస్సు కావాలన్నా ఊరంతా తలా ఒక ఉత్తరం రాయడం అలవాటు. ఇల్లిల్లూ తిరిగి రాయించాను. వెండెల్ తన ఉత్తరంలో ఆ మూడు కాళ్ళ కథ మొత్తం రాసి, "ఎవరి మాటా వినడు, ఇలాంటివాడే ఈ దేశానికి కావాలి" అని ముగించాడు. నాది ఇంకా ఘోరం. "జీతమిస్తానన్నా ఒప్పుకోలేదు. ఎవరి కిందా పనిచేసే మనిషి కాదు" అని రాసి, ఫింటన్‌కు పైకి చదివి వినిపించి మరీ మురిసిపోయాను.

కుదరదని జవాబొచ్చింది. అప్పుడు వెళ్ళాం, పట్టణంలో వీసా కాగితాలు చూసే యివెట్ దగ్గరికి. ముందే వెళ్ళాల్సింది. ఆవిడ పదిహేడు ఉత్తరాలూ చదివి కళ్ళజోడు తీసింది.

"ఇతను వాడే సుత్తి ఎవరిదండీ?"

"వాడిదే," అన్నాను.

"ఏ రోజు రావాలో చెప్పేదెవరు?"

"వాడే."

"మధ్యలో ఇష్టం లేకపోతే వెళ్ళిపోవచ్చా?"

"వెళ్ళిపోయాడు కూడా! వెండెల్ గుర్రానికి మూడు కాళ్ళు..." అని ఉత్సాహంగా ఎత్తుకున్నాను. యివెట్ చెయ్యెత్తి ఆపింది.

"లోర్నా గారూ, సొంతంగా చేసుకున్న పని ఈ దారిలో లెక్కకు రాదండి. ఒకరి కింద, వాళ్ళు చెప్పినట్టు చేస్తేనే లెక్క. ఇతను ఎవరి కిందా చెయ్యలేదని పదిహేడుమంది సంతకం పెట్టి మరీ సాక్ష్యం చెప్పారు."

"అయితే సొంతంగా చేసుకోవడం తప్పా?"

"తప్పేం కాదు. అనుమతి ఉంది. పన్ను కూడా తీసుకుంటారు. ఈ లెక్కలోకి మాత్రం తీసుకోరు."

చూశారా సంగతి! పని చేసుకో నాయనా అంటారు, చేశాక అది పనే కాదంటారు. రమ్మన్నదీ వాళ్ళే, పొమ్మనలేక పొగబెడుతున్నదీ వాళ్ళే. పొగిడి పొగిడి వాణ్ణి మేమే ముంచామని నాకు అప్పుడు అర్థమైంది. నేను తల బాదుకుంటుంటే ఫింటన్ చేతిలో టోపీ నలుపుతూ కూర్చున్నాడు.

గడువు ఇంకా పద్నాలుగు నెలలుంది. ఒకరి దగ్గర ఏడాది నిండా జీతానికి చేస్తే సరిపోతుందంది యివెట్. ఫింటన్ నా వైపు తిరిగాడు.

"దొరసాని గారూ, పన్లో ఎప్పుడు చేరమంటారు?"

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ ఏడాది ఎలా గడిచిందో నన్నడగండి. పనిముట్లు నావై ఉండాలని యివెట్ అంటే కొత్త సుత్తి, ఆకురాయి, అన్నీ కొన్నాను. వాడి సుత్తి ట్రక్కులోనే పడుంది. పొద్దున్న ఏడు కొట్టేసరికి గుమ్మం ముందు నిలబడేవాడు.

"ఇవాళ నాకేం పని, దొరసాని గారూ?"

"నీకు తెలీదట్రా?"

"తెలుసు. మీరు చెప్పాలి. యివెట్ గారు చెప్పమన్నారుగా."

"గుర్రాలకు లాడాలు కొట్టరా, నీకు దణ్ణం పెడతాను!"

ఊళ్ళోవాళ్ళు గుర్రాలను నా లాయానికే తోలుకొచ్చేవారు. ఎవరిది ముందో, ఎవరిది వెనకో నేను చెప్పాలి. మొదట్లో వేళాకోళాలాడేవాడు. రానురాను అదీ తగ్గింది. చలికాలం వచ్చేసరికి కూనిరాగం కూడా ఆగిపోయింది. చెప్పింది చేసేవాడు, గడియారం చూసి ఇంటికి పోయేవాడు. గుర్రాలు చెవులు నిక్కబొడుచుకుని నిలబడేవి. ఇలా తయారవడానికా వీణ్ణి ఇక్కడ ఉంచుకుంటున్నాం అని నాకు ఏడుపొచ్చేది.

పదో నెలలో వెండెల్ వచ్చాడు, అదే గుర్రంతో. ముందు కాళ్ళు రెండూ అయ్యాయి. వెనక కాలు ఎత్తబోతే అది కదిలింది. వెండెల్ తన్నాడు. డొక్కలోనే.

ఫింటన్ చెయ్యి పనిముట్ల పెట్టె మీదికి పోయి, అక్కడే ఆగిపోయింది.

వెండెల్‌కు అది కనబడింది. "ఏరా, ఇప్పుడు పో, చూద్దాం!" అని పకపకా నవ్వాడు. "జీతగాడివిరా నువ్వు. పొమ్మంటే పోవాలి, ఉండమంటే ఉండాలి!"

ఫింటన్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. మెల్లగా వంగి మళ్ళీ ఆ కాలు పట్టుకున్నాడు. వంగిన ఆ మెడను నేను చూడలేకపోయాను.

"ఫింటన్!" అని అరిచాను. "ఆ సుత్తి నాది. కింద పెట్టు. సామాను సర్దుకుని ఇంటికి పో. ఆ గుర్రానికి ఇంకొక్క మేకు కొట్టడానికి వీల్లేదు. ఇది నా ఆర్డరు."

"రెండు కాళ్ళే అయ్యాయి కదా, లోర్నా!" అన్నాడు వెండెల్.

"నీకూ రెండే ఉన్నాయి. నడుచుకుంటూ పో."

ఫింటన్ నడుం నిటారుగా ఎత్తి నా వైపు చూశాడు. "మీరెలా అంటే అలాగే, దొరసాని గారూ," అన్నాడు. ట్రక్కు దాకా కూనిరాగం తీసుకుంటూ వెళ్ళాడు.

ఏడాది నిండాక ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. ఈసారి యివెట్ పక్కనే కూర్చుని ఒక్క పొగడ్త కూడా రాయనివ్వలేదు. చెప్పినట్టు వింటాడనడానికి ఒక ఉదాహరణ రాయమంది. "పని మధ్యలో ఆపి వెళ్ళమంటే మారుమాట లేకుండా వెళ్ళాడు" అని రాశాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

వసంతంలో శాశ్వత నివాసం కార్డు వాడి చేతికొచ్చింది. ఆ మర్నాడు సోమవారం ఏడింటికి అలవాటు కొద్దీ గుమ్మంలో నిలబడ్డాను. ఎవరూ రాలేదు. నేను కొన్న పనిముట్లన్నీ తుడిచి మెట్ల మీద పెట్టి ఉన్నాయి. గేటు మీద సుద్దతో 'గురువారం' అని రాసి ఉంది. లాయంలో చూస్తే రెండు గుర్రాలకు లాడాలు వదులయ్యాయి.

ఫోన్ చేసి, ఒక్కరోజు ముందు రమ్మన్నాను.

రానన్నాడు.