భూమయ్య కడిగేసిన ఉప్పు

గంగాప్రసాద్ కూతురు శ్రీలత జపాన్‌లో చదివేది మట్టి చదువు. ఉప్పెక్కిన నేలలో చెట్టు ఎలా బతుకుతుంది, ఎప్పుడు చస్తుంది అని తేల్చే చదువు. సెలవులకు మస్కట్ పక్కన అల్ ఖౌద్‌లో ఇంటికి వస్తే బిల్డింగు మెట్ల మీద ఎవరు ఎదురైనా ఒకటే అడిగేవారు.

"మట్టి కోసం జపాన్ దాకా పోవాల్నా పిల్లా? మస్కట్ల మట్టి లేదా?"

మొదటి ఏడు ఓపిగ్గా విడమరిచి చెప్పింది. రెండో ఏడు వచ్చేసరికి, "అక్కడ ఒంటెలు గూడ ఉన్నయ్ ఆంటీ" అని తప్పించుకోవడం నేర్చుకుంది.

ఒంటెల మాట అబద్ధం కాదు. ఆమె చదివే తొత్తొరి ఊళ్ళో సముద్రం పక్కన పెద్ద పెద్ద ఇసుక తిన్నెలున్నాయి. జపాన్‌వాళ్ళు రైళ్ళెక్కి దూరాల నుంచి వచ్చి మరీ ఆ ఇసుకను చూసిపోతారు. గొడుగులు పట్టుకుని క్యూలో నిలబడి, ఒంటె ఎక్కి ఫొటో దిగుతారు. స్కూలు బస్సు కిటికీలోంచి రోజూ ఒంటెల్ని చూస్తూ పెరిగిన పిల్లకు ఆ క్యూ చూడగానే నవ్వొచ్చింది. చలికాలంలో ఆ ఇసుక మీద మంచు పడుతుంది. ఆ ఫొటో పంపితే తల్లి సునీత ఫోన్ చేసి, "ఇసుక మీద గంత ముగ్గుపిండి ఎవలు పోసిండ్రే?" అంది.

మట్టి పిచ్చి ఆ పిల్లకు ఎక్కడ పట్టుకుందంటే, తండ్రి షాపులో. గంగాప్రసాద్‌ది జగిత్యాల పక్క. అల్ ఖౌద్‌లో పెద్ద యూనివర్సిటీ దగ్గర జిరాక్స్ షాపులో ఇరవై రెండేళ్ళుగా పని. ఎవరెవరివో థీసిసులు బైండింగ్ చేసి, బంగారు రంగు అక్షరాలు కొట్టి ఇస్తాడు. బడి వదిలాక శ్రీలత అక్కడే ఒక మూల కూర్చుని హోంవర్కు చేసుకునేది. అది అయిపోతే బైండింగుకు వచ్చిన కాగితాల్లో బొమ్మలు తిరగేసేది. ఒకదాంట్లో సముద్రం ఒడ్డున బర్కా వైపు తోటల ఫొటోలున్నాయి. నిమ్మచెట్లు నిలువునా ఎండిపోయి, మొదళ్ళ చుట్టూ నేల తెల్లగా పొక్కి ఉంది. బావుల్లోకి సముద్రం వస్తోందని తండ్రి చదివి చెప్పాడు. ఆ రాత్రి అన్నం దగ్గర ఆ పిల్ల అడిగిన ప్రశ్నలకు తల్లీ తండ్రీ ఇద్దరూ జవాబు చెప్పలేకపోయారు. హైదరాబాద్‌లో వ్యవసాయం డిగ్రీ చేసి, స్కాలర్‌షిప్పు తెచ్చుకుని, ఆ ప్రశ్నలు పట్టుకునే జపాన్ వెళ్ళింది.

అక్కడ ఆరు చాపలు పట్టే గది, ఒక సైకిలు. శని, ఆదివారాల్లో అన్నం డబ్బాల ఫ్యాక్టరీలో పని. బెల్టు మీద డబ్బాలు వస్తుంటే ఒక్కో దాంట్లో ఒక ఊరగాయ ముక్క పెట్టాలి. నాలుగు గంటలూ అదే ముక్క, అదే మూల. పక్కన నిలబడే నేపాలీ పిల్లతో హిందీ మాట్లాడొచ్చన్నదే దాంట్లో సుఖం.

సెలవులొస్తే తిరిగేది. విద్యార్థులు ఎక్కువగా కొనే టికెట్టు ఒకటి ఉంది. దాంతో ఎక్స్‌ప్రెస్ ఎక్కనివ్వరు, ప్రతి స్టేషన్లో ఆగే బళ్ళలో మాత్రం ఎంత దూరమైనా పోనిస్తారు. ఆ టికెట్టు మీద సముద్రం అంచు పట్టుకుని రెండు రోజులు ప్రయాణం చేసి, ఒకసారి ఉప్పు తీసే ఊరు చూసొచ్చింది. అక్కడొక ముసలాయన చెక్క బకెట్లతో సముద్రపు నీళ్ళు మోసుకొచ్చి, చదును చేసిన ఇసుక మీద చల్లుతాడు. ఎండకు ఆరిన ఇసుకను పోగుచేసి కడుగుతాడు. ఆ కడిగిన నీళ్ళు రోజంతా కాస్తే ఉప్పు మిగులుతుంది. శ్రీలత రెండు రోజులు ఆయన దగ్గర నీళ్ళు మోసింది. ఆయన ఆ రెండు రోజుల్లో పది మాటలు మాట్లాడి ఉంటే గొప్ప.

ఇక థీసిస్ కోసం ఎంచుకున్న నేల బర్కాలోనిది. గంగాప్రసాద్ పక్క ఊరివాడు భూమయ్య అక్కడ ఒక ఖర్జూరం తోట చూసుకుంటాడు. సోహార్‌లో పన్నెండేళ్ళు సైట్ల మీద ఇనుము కట్టి, మోకాళ్ళు అరిగాక ఈ తోటకు మారాడు. వచ్చి ఎనిమిదేళ్ళయింది. తోట ఓనరును అందరిలాగే అర్బాబ్ అంటాడు.

ఫిబ్రవరిలో శ్రీలత వచ్చి ఎనిమిది చెట్లకు ఎర్ర రిబ్బన్లు కట్టింది. పాదుల్లో మట్టి తీసి, కలమంత మీటరుతో ఉప్పు కొలిచి రాసుకుంది. ఆగస్టులో అవే ఎనిమిది పాదులు మళ్ళీ కొలవాలి. చలికాలంలో ఎంత ఉప్పు, ఎండలు ముదిరాక ఎంత, ఆ రెండింటి తేడాయే ఆమె థీసిస్. జనవరిలో ఇచ్చెయ్యాలి, మార్చితో స్కాలర్‌షిప్పు ఆఖరు. ఈ ఆగస్టు తప్పిపోతే ఆమెకు ఇంకో ఆగస్టు లేదు.

ఆగస్టు మూడో వారంలో, ఎండ ఎక్కకముందే తండ్రి కారులో తోట దగ్గర దింపి పోయాడు. భూమయ్య ఉతికిన చొక్కా తొడుక్కుని, ప్లాస్టిక్ కుర్చీ తుడిచి, గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"రా బిడ్డా రా. సూడు, ఎట్లున్నదో."

శ్రీలత చూసింది. ఎనిమిది పాదులూ నల్లగా, చల్లగా ఉన్నాయి. వెతికినా ఎక్కడా తెలుపు లేదు.

"ఉప్పేది కాకా?"

"గీకి అవతల పారబోసిన. మూడు టాంకర్లు మంచినీళ్ళు తెప్పించి కడిగిన. నాలుగు దినాలాయె. నువ్వస్తున్నవని మీ బాపు ఫోన్ జేసిండు గద!"

ఆమె మట్టిని నీళ్ళలో కలిపి మీటరు ముంచింది. ఫిబ్రవరి అంకెలో ఆరో వంతు కూడా లేదు. రెండో పాదూ అంతే, మూడోదీ అంతే. ఎనిమిదీ చూడాల్సిన పని లేకపోయినా చూసింది. తర్వాత పడి ఉన్న ఖర్జూరపు మొద్దు మీద కూర్చుంది. భూమయ్య పాలు లేని టీ తెచ్చి పెట్టాడు. అది చల్లారిపోతుంటే ఆ గ్లాసు వంక, ఈమె వంక చూశాడు.

"చక్కెర తక్కువైందా?"

"లేదు కాకా."

జపాన్‌లో అప్పటికి పగలు పదకొండు దాటింది. గురువుగారికి ఫోన్ చేసింది. ఆయన్ని అందరిలాగే సెన్సెయి అంటుంది. జరిగింది జరిగినట్టు చెప్పింది. సెన్సెయి అయ్యో అనలేదు. ఎన్ని నీళ్ళు, ఏ రోజు, ఏ పాదులో ఎంతసేపు నిలిచాయి, అని మూడు ప్రశ్నలు వేశాడు. తెలియదంది. తెలిసిన మనిషి పక్కనే ఉన్నాడు కదా అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

భూమయ్యను అడిగితే గడగడా చెప్పాడు. "ఆదివారం పొద్దుగాల మొదటి టాంకరు. గోడ దిక్కు నాలుగింటికి ఒకటిన్నర, ఇటు నాలుగింటికి ఒకటిన్నర. అన్నిట్ల గంటలనే గుంజుకున్నది. ఐదో చెట్టుకాడ నేల గట్టి, పగటీలి దాక నిలిచింది."

ఆమె రాసుకుంటూ తలెత్తింది. "మళ్ళ ఎన్ని దినాలకు తెల్లగైతది?"

"ఎండ గిట్లనే కొడితె ఇరవై దినాలు. ముందుగాల అంచులకు లేస్తది. పడమటి గాలి మొదలైతె ఇంక జల్ది."

"నీకెట్ల తెలుసు?"

"ఎట్ల తెల్వది? అర్బాబ్ చుట్టాలొచ్చినప్పుడల్ల కడుగుతనే ఉన్న గద!"

దాంతో థీసిస్ దారి మార్చుకుంది. మంచినీళ్ళతో కడిగిన నేలకు ఉప్పు ఎన్నాళ్ళకు, ఎంత తిరిగొస్తుంది? కడిగిన ఎనిమిది పాదులు, పక్కన కడగని నాలుగు. రోజూ ఒక్కో దాంట్లో చెంచాడు మట్టి, ఐదు చెంచాలు ఉప్పు లేని బ్యాటరీ నీళ్ళు టీ గ్లాసులో కలిపి కొలవాలి. మామూలుగా పైపులో వచ్చే బావి నీళ్ళు తప్ప ఇంకో చుక్క పడకూడదు. సెన్సెయి సరేనన్నాడు. భూమయ్య కూడా తల ఊపాడు.

గ్లాసులు కలుపుతూ భూమయ్య జపాన్ సంగతులు అడిగేవాడు. ఉప్పు తీసే ముసలాయన కథ విని పార కింద పెట్టేశాడు.

"ఉప్పు కోసం ఇసుకల సముద్రం నీళ్ళు జల్లుతడా? కావాల్నని?"

"అవును కాకా."

"గాయినను ఈడికి తోల్కరా. అర్బాబ్‌కు చెప్పి తోట రాయిస్త."

ఒంటె ఎక్కడానికి డబ్బులిచ్చి క్యూ కడతారంటే మాత్రం నమ్మలేదు. "గంగాప్రసాద్ బిడ్డవు, నీకు అబద్ధాలెవలు నేర్పిండ్రు?" అన్నాడు.

నాలుగో రోజు మూడో చెట్టు దగ్గర అంకె పడిపోయింది. మిగతావన్నీ కొంచెం కొంచెం పెరిగాయి, అదొక్కటి కిందికి దిగింది. ఆమె మీటరు కడిగి మళ్ళీ చూసింది. అదే అంకె.

"కాకా, మూడో చెట్టుకు నీళ్ళు పోసినవా?"

"లేదు."

"కాకా."

"ఒక్క బకెటు బిడ్డా. అంచుకు తెల్లగ లేసింది. సూడబుద్ధి గాలే."

"చెప్పిన గద ముట్టద్దని! నా రెండేండ్ల చదువు కాకా ఇది!" ఆమె గొంతు అంత పెద్దదని ఆమెకే తెలియదు. పంపు షెడ్డు మీది పావురాలు లేచిపోయాయి.

భూమయ్య పార కర్ర గోకుతూ మొదలుపెట్టాడు.

"నువ్వు చెప్పినవ్. నేను ఇన్న. సోహార్ల పన్నెండేండ్లు జేసిన బిడ్డా. ఫోర్మన్ వచ్చి, రేపు ఇన్‌స్పెక్షన్, అంత సాఫ్ చెయ్యిండ్రి అంటుండె. సాఫ్ లేకుంటె ఆ దినం జీతం కోత. నువ్వు అప్పుడొచ్చి మూడు దినాలు మట్టి జూసి రాస్కున్నవ్, ఫొటోలు గొట్టినవ్. గది ఇన్‌స్పెక్షన్ గాకుంటె ఏంది? భూమయ్య చూసే తోట గిట్లున్నదని జపానోల్ల ముంగట పెడ్తివి. నాకు ఇజ్జత్ లేదా?"

శ్రీలత మీటరు కింద పెట్టింది. ఫిబ్రవరిలో ఆమె అర్బాబ్ దగ్గర పర్మిషన్ తీసుకుంది. సెన్సెయికి ఉత్తరం రాసింది. యూనివర్సిటీకి ఫారాలు నింపింది. రోజూ పార పట్టే మనిషికి మాత్రం ఇది ఎందుకో ఒక్క ముక్క చెప్పలేదు. రిబ్బన్లు కట్టి, టీ తాగి, వెళ్ళిపోయింది.

"కాకా, ఇది నీ పని మీద పరీక్ష కాదు. నీ బావిలకు సముద్రం వచ్చింది. అది నువ్వు చేసింది కాదు. ఎంత వచ్చిందో నాకు అంకె కావాలె. తెల్లగైతే నాకు మంచిదే."

"నీకు మంచిది. చెట్టుకు?"

"చెట్టుకు మంచిది కాదు."

"మరి?"

దానికి జవాబు తన దగ్గర లేదనే చెప్పింది. భూమయ్య మొహం కొంచెం వదులైంది.

"సరే తియ్. నీ లెక్కయ్యేదాక ముట్ట. అయినంక నా ఇష్టం, కడుగుత."

"కడుగు."

మూడో చెట్టును లెక్కలోంచి కొట్టేసింది. కడిగినవాటిలో ఏడు మిగిలాయి.

పదో రోజు ఆమె తిరిగి విమానం ఎక్కేటప్పటికి అంచులు తెల్లబడ్డాయి, నడిమి ఇంకా నల్లగానే ఉంది. అసలు కథ ఇక ముందుంది, అది చూసే మనిషి భూమయ్యే. మీటరు అతని చేతికిచ్చింది. రెండు క్యాన్ల బ్యాటరీ నీళ్ళు, గీత పెట్టిన టీ గ్లాసు, గళ్ళ నోటుబుక్కు ఇచ్చింది. భూమయ్య చదివింది మూడో తరగతి. అంకెలు గుండ్రంగా, పెద్దవిగా రాస్తాడు. ఫోన్‌లో నోటితో చెప్పి పంపుతానన్నాడు.

మళ్ళీ నీళ్ళు పోస్తాడేమోనని తొత్తొరిలో ఆమెకు వారం రోజులు నిద్ర సరిగా పట్టలేదు. ఫ్యాక్టరీలో విరామం ఇవ్వగానే గోడ పక్క నిలబడి ఫోన్ చెవికి పెట్టుకునేది. వెనక పంపు చప్పుడు, మధ్యలో దగ్గు. "ఒకటో నంబరు... రెండో నంబరు... నాలుగో నంబరు..." మూడోది వదిలేసేవాడు. పద్దెనిమిదో రోజు అంకెలు చెప్పాక కొంచెం ఆగి, "తెల్లగైంది బిడ్డా. ముట్టలే" అన్నాడు. ఇరవై రెండో రోజుకు ఫిబ్రవరి అంకెను దాటిపోయింది.

నడుమ ఒకసారి మూడు రోజులు కబురు లేదు. నాలుగో రోజు మళ్ళీ గొంతు వినిపించింది: "అర్బాబ్ బిడ్డ లగ్గం. గిన్నెలు మోయ తీస్కపోయిండ్రు. గా మూడు దినాలు నేను లేను. నా తాన అంకె లేదు."

ఆమె గీసిన గ్రాఫులో ఆ మూడు రోజుల దగ్గర గీత తెగింది. సెన్సెయి కళ్ళజోడు పైకెత్తి ఆ ఖాళీని చాలాసేపు చూశాడు. ఖాళీని ఖాళీగా వదిలిన మనిషి రాసిన మిగతా అంకెలు నమ్మొచ్చు అన్నాడు.

జనవరిలో థీసిస్ ఇచ్చింది. ఫిబ్రవరిలో ముగ్గురు పెద్దల ముందు నిలబడి చెప్పుకుంది. అందులో ఒకాయన, మూడో చెట్టును ఎందుకు తీసేశారని అడిగాడు. ఒక బకెట్టు నీళ్ళు పడ్డాయంది. ఎందుకు పడ్డాయన్నాడు. తోట చూసుకునే ఆయనకు ఆ తెలుపు చూడబుద్ధి కాలేదంది. ఆయన తల ఊపి, అదే మాట కాగితం మీద రాసుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. పాసైంది. పైచదువుకు ఇంకో మూడేళ్ళు స్కాలర్‌షిప్పు దొరికింది. ఈసారి ఆ తోటతో పాటు ఇంకో రెండు తోటలు చూడాలి.

ఆ కబురు చెప్పడానికి బర్కాకు ఫోన్ చేసింది. భూమయ్య చెట్టెక్కి ఉన్నాడు, మగ పూల పుప్పొడి ఆడ గెలలకు కట్టే రోజులు. పైనుంచే మాట్లాడాడు.

"నీ లెక్కయినంక అన్ని కడిగిన బిడ్డా. మూడోది గూడ. మల్ల తెల్లగైనయ్, అది వేరే ముచ్చట. మల్లెప్పుడొస్తున్నవ్?"

"ఆగస్టుల కాకా. తారీకు చూసి చెప్త."

"చెప్పకు," అన్నాడు భూమయ్య. "చెప్పకుంట రా. చెప్తె నా చేతులు ఊకుండయి."