దిమ్మెరపోయే డాక్టర్ లబీబ్

డాక్టర్ లబీబ్ చూసి దిమ్మెరపోనిదంటూ ఈ లోకంలో ఏదీ లేదు. నైలు నది డెల్టాలోని ఓ ఆసుపత్రిలో ఎమ్మారై బొమ్మలు చదవడం ఆయన పని. పొద్దున రాగానే గేటు దగ్గర పిల్లిని చూసి రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుని నిలబడిపోయేవాడు.

"ఇంకా ఇక్కడే ఉందా?"

ఆ పిల్లి తొమ్మిదేళ్లుగా అక్కడే ఉంది.

యంత్రం నడపడానికి కొత్తగా చేరిన నగ్లాకి మొదటి వారమే ప్రాణం విసిగిపోయింది. ఆమె చెప్పులు నీలంగా ఉన్నాయని ఆయన నిర్ఘాంతపోయాడు. మంగళవారం వచ్చిందని నిర్ఘాంతపోయాడు.

"నిన్న సోమవారమే కదండీ," అంది నగ్లా.

"నేననేదీ అదే," అంటూ కుర్చీలో కూలబడ్డాడు.

ఆ రోజే హాజీ బయూమి వచ్చాడు. బతుకంతా కాలువ నీళ్లలో నిలబడి వరి పండించిన మనిషి. మూత్రాశయంలో గడ్డ ఉందని ముందే తేలింది. అదెంత మొండిదో ఇప్పుడు చూడాలి. ఆయన యంత్రంలో పడుకున్నాడు. భార్య ఉమ్మ్ సాబిర్ గాజు తలుపు అవతల, ఒళ్లో టీ ఫ్లాస్కుతో కూర్చుంది.

లోపలి నీటి కదలికను చూపే బొమ్మ తెర మీదికొచ్చింది. కణాలు కిక్కిరిసిన చోట నీరు కదలలేక ఆ చోటు తెల్లగా మెరుస్తుంది. హాజీ గడ్డ దీపంలా మెరుస్తోంది. ఆ తెలుపు మూత్రాశయం గోడ కండరంలోకి కూడా దిగింది. అదెంత చెడ్డ సంగతో నగ్లాకి తెలుసు.

డాక్టర్ లబీబ్ గిరుక్కున తిరిగి, తలుపు తీసి, ఫ్లాస్కు వంక చూసి గుండె పట్టుకున్నాడు.

"ఉమ్మ్ సాబిర్, అందులో చక్కెరెంత?"

"కప్పుకి ఐదు చెంచాలండీ."

"ఐదా?" ఆయన గోడకి జారగిలబడ్డాడు. ఆమె ముసుగు అంచు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

నగ్లాకి ఒళ్లు మండింది. ఈయనకి మనసనేది ఉందా?

స్కాన్ అయ్యాక భార్యాభర్తలిద్దర్నీ ఆయన తన గదిలో కూర్చోబెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"హాజీ, గడ్డ మొండిరకంలాగే కనిపిస్తోంది. గోడలోకి దిగింది. గోడ దాటి మాత్రం పోలేదు. ముక్క తీసి పరీక్ష చేసి రూఢి చేసుకుంటారు. ఆ తర్వాత మందులు, ఆపరేషన్. చెయ్యడానికి చాలా ఉంది."

వాళ్లు అడిగినదల్లా ఓపిగ్గా చెప్పాడు. గంటసేపు దేనికీ ఆశ్చర్యపోలేదు. ఉమ్మ్ సాబిర్ ఏడ్చింది, కళ్లు తుడుచుకుంది, మళ్లీ ఎప్పుడు రావాలో అడిగింది.

వాళ్లు వెళ్లాక నగ్లా ఉండబట్టలేక అడిగేసింది. "ఇందాక ఆ వేషాలేమిటండీ?"

"ఒకసారి ఓ రోగి కూతురు గాజులోంచి నా మొహం చూసిందమ్మాయ్. తండ్రికేమైందో నేను చెప్పేలోపే తెలిసిపోయి, అక్కడే ఒంటరిగా పడిపోయింది. అప్పట్నుంచీ నా మొహాన్ని ఎవరూ నమ్మకుండా చేసుకున్నాను."

నగ్లా వెళ్లి తర్వాతి రోగిని పడుకోబెట్టి వచ్చింది. తెర మీద బొమ్మ తేలింది. గాజు అవతల అతని తమ్ముడు ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

నగ్లా అతని మీసం వంక చూసి రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుంది.