ఫ్యాను కింద కన్నీళ్లు: పొడి కళ్ల వైద్యానికి నెల్లూరు ప్రయాణం

కళ్లలో నీళ్లు ఆగడం లేదని డాక్టరు దగ్గరికి వెళ్లి, "అమ్మా, మీ కళ్లు ఎండిపోయాయి" అనిపించుకుని వచ్చినదాన్ని నేను. మాది చిట్టమూరు మండలంలో ఒక పల్లె. జాకెట్లకు మగ్గం పని చేస్తాను. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా సూది మొన మీద నుంచి చూపు తిప్పను. ఉక్కకు తట్టుకోలేక మొహానికి ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టుకుంటాను. ఏడాదిగా కళ్లలో ఇసుక పడ్డట్టు గరగర, మంట, ఆపైన ధారగా నీళ్లు. మందుల షాపులో ఇచ్చిన చుక్కలకు ఎరుపు తగ్గింది, నీళ్లు పెరిగాయి. నాయుడుపేటలో కళ్లజోడు రాయించుకుంటే ఆ కారే నీళ్లు ఇంకా స్పష్టంగా కనిపించాయి. చివరికి జాకెట్టు పనికి వచ్చిన నర్సమ్మ ఒకామె, "కళ్లజోళ్ల షాపుల చుట్టూ తిరగబాకక్కా, నెల్లూరు పోయి కార్నియా డాక్టరుకు చూపించుకో" అంది. కార్నియా అంటే నల్లగుడ్డు మీది పొరట. మీకూ ఇదే బాధ ఉంటే ఆ మాట గుర్తు పెట్టుకుని వెతకండి.

ఒక్కదాన్నే వెళ్లి ఉంటే ఇంత రాయాల్సిన పని లేదు. నాతో వచ్చింది మా మరిది భార్య, అంటే నా తోడికోడలు ఎస్తేరు. పుట్టిల్లు జువ్వలదిన్నె. చేపల రేవులో పుట్టింది కాబట్టి పులుసు మీద సర్వహక్కులూ తనవే అనుకుంటుంది. రెండేళ్ల కిందట మా చర్చిలో కోత పండగ ప్రేమవిందుకు చేపల పులుసు నాకు అప్పగించారు. నేనిలా అన్నం వైపు తిరిగానో లేదో, నన్నొక మాట అడగకుండా నా గుండిగలో చెంబెడు చింతపండు రసం పోసేసింది. తిన్నవాళ్లంతా పులుసు బాగుందన్నారు. నాకు మరీ మండింది అందుకే. ఆ రోజు నుంచి మా మధ్య మాటల్లేవు. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఆమె పోపు వాసన రోజూ గోడ దాటి వచ్చేది గానీ మాట మాత్రం దాటేది కాదు.

ఈ మధ్య ఒక ఆదివారం మా పాస్టరు అయ్యగారు, కానుక పెట్టే ముందు తోటివాళ్లతో సమాధానపడండి అని ప్రసంగం చేశారు. చర్చిలో నా చోటు సరిగ్గా ఫ్యాను కింద. ఆయన 'సమాధానం' అన్నప్పుడల్లా నా చెంపల మీద ధారలు. పక్కనున్న పాస్టరు భార్య అమ్మగారు నా భుజం మీద చెయ్యి వేసి "స్తోత్రం" అన్నారు. ఎస్తేరు ఇవతలి వైపు తిరిగి చూసింది. ఆ సాయంత్రమే గిన్నెడు పులుసు పట్టుకుని మా గడపలో నిలబడింది.

"అక్కా, నిన్నింత ఏడిపించినానా? రెండేళ్లు లోపల్లోపలే కుమిలిపోయినావా?" అంటూ బావురుమంది.

నిజం చెబుదామని నోరు తెరిచాను. నోట్లో చేపముక్క పెట్టింది. వంజరం, ముళ్లు తీసి మరీ. ఇంకేం చెప్పను! ఆ రెండేళ్లూ ఆమె లేక నాకు ఎంత వెలితిగా ఉందో ఆ ముక్క నమిలేటప్పుడు తెలిసింది. అది ఏడుపు కాదు, కళ్ల జబ్బేనని తెలిస్తే మళ్లీ మాటలు ఆగిపోతాయని ముక్కతో పాటే నిజాన్నీ మింగేశాను. నెల్లూరు ప్రయాణం సంగతి చెప్పగానే, "నాకోసం ఏడ్చి ఏడ్చి కళ్లు పాడు చేసుకున్నావు. నిన్ను ఒంటరిగా ఎట్టా పంపిస్తా?" అని తనే ముందు చీర కట్టుకుని తయారైంది.

పొద్దున ఆరున్నరకు షేర్ ఆటో ఎక్కాం, నాయుడుపేటకు మనిషికి నలభై. అక్కడి నుంచి నెల్లూరుకు ఆర్టీసీ బస్సు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టే, కాబట్టి కార్డు మరిచిపోకండి. కిటికీ పక్కన కూర్చోవడం నేను చేసిన తప్పు. హైవే గాలి తగలగానే కళ్లు కాలవలయ్యాయి. కండక్టరు టికెట్టు చింపుతూ ఆగిపోయాడు.

"ఎవురు పోయినారమ్మా?"

"ఎవురూ పోలేదన్నా. మా అక్కకు మనసు కరిగింది" అని ఎస్తేరు మొదలుపెట్టింది. గూడూరు దాటేసరికి సగం బస్సుకు మా పులుసు కథ తెలిసిపోయింది. ముందు సీటు పెద్దాయన వెనక్కి తిరిగి, "చింతపండు తక్కువైతే అది పులుసు ఎట్టవుద్దమ్మా?" అని తీర్పు కూడా ఇచ్చేశాడు. ఎస్తేరు మొహం వెలిగిపోయింది. నేను కళ్లు తుడుచుకున్నాను. బస్సు బస్సంతా నావైపు జాలిగా చూసింది.

తొమ్మిదిన్నరకు నెల్లూరులో దిగి ఆటో ఎక్కాం. కళ్ల డాక్టరు అన్న పాపానికి ఆటో అతను తిన్నగా ఒక కళ్లజోళ్ల షాపు ముందు ఆపి, "ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అక్కా" అన్నాడు. అతనికి కార్నియా అంటే ఏమిటో విప్పి చెప్పి ఆసుపత్రికి చేరేసరికి పది దాటింది. చూపించుకోవడానికి నాలుగొందలు, రెండు గంటలు కూర్చోవాలి. ఆ రెండు గంటలూ ఎస్తేరును బయటికి పంపడం ఎలాగా అన్నదే నా ఆలోచన. కాఫీ తెమ్మన్నాను. ఇంటి నుంచే ఫ్లాస్కులో తెచ్చిందట. బన్ను తెమ్మన్నాను. సంచిలోంచి అట్లు తీసింది. ఇంతలో నా పేరు పిలిచారు, నాకంటే ముందు ఆమె లోపలికి వెళ్లింది.

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. ముందు కంటికి మొద్దుబారే చుక్క వేసి, కింది రెప్పకు సన్నటి కాగితం ముక్క తగిలించి, కాసేపు అలాగే ఉండమన్నారు. తీసి చూస్తే చివర కాస్త తడి, మిగతాదంతా పొడిగానే ఉంది.

"నీళ్లు ఎప్పుడు ఎక్కువగా కారతాయి?"

నేను నసిగేలోపల ఎస్తేరు అందుకుంది. "ప్రతి ఆదివారం మేడం. చర్చిలో. నాతో మాటల్లేవని."

"చర్చిలో ఎక్కడ కూర్చుంటారు?"

"ఫ్యాను కింద" అంది ఎస్తేరు, అమాయకంగా.

డాక్టరమ్మ నవ్వారు. "మీవి పొడి కళ్లమ్మా. పనిలో పడి రెప్ప వేయడం మానేశారు, పైన ఫ్యాను గాలి. కన్ను ఎండిపోతే ఆ మంటకు ఒక్కసారిగా నీళ్లు వదులుతుంది. ఏడుపుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు." ఫ్యాను పక్కకు తిప్పమన్నారు, పని మధ్యలో రెప్పలు నిండుగా మూసి తెరవమన్నారు, రాత్రిపూట వేడి కాపడం పెట్టమన్నారు, రోజుకు నాలుగు సార్లు చుక్కలు రాశారు. నాకు అవేవీ ఎక్కలేదు. ఎస్తేరు ఆ కాగితం ముక్కనే చూస్తోంది.

బస్టాండు దగ్గర మెస్సులో భోజనానికి కూర్చున్నాం. ఆకులో అన్నం పడ్డాక ఎస్తేరు అడిగింది.

"అయితే ఆ ఆదివారం నువ్వు నాకోసం ఏడవలేదా?"

"లేదు ఎస్తేరూ."

"ఫ్యాను గాలికా నేను వంజరం కొని పులుసు మోసుకొచ్చింది!"

మెస్సులో నాలుగు తలలు ఇటు తిరిగాయి. ఇక దాచేదేముందని చెప్పేశాను. "ఏడవలేదు. కానీ నీ పోపు వాసన వచ్చినప్పుడల్లా అన్నం ముద్ద దిగేది కాదు. గోడకు చెవి పెట్టి నీ గొంతు వినేదాన్ని. చెప్పడానికి నామోషీ. నువ్వు గడపలోకి వచ్చినాక మళ్లీ పోతావేమోనని భయం."

ఎస్తేరు ఆకు మీదికి వంగింది. వడ్డించిన చేపల పులుసు వేలితో తీసి నాకి మొహం చిట్లించింది. "చింతపండు తక్కువ."

"తక్కువే" అన్నాను. నా జన్మలో ఆ మాట ఆమె ముందు అంటాననుకోలేదు.

తిన్నాక చుక్కలు వేసుకోబోయాను. ఒకటి ముక్కు మీద, ఇంకొకటి చెవి పక్కన పడ్డాయి. ఎస్తేరు సీసా లాక్కుని నా గడ్డం పట్టి పైకెత్తింది. "తెరవాల్సింది కన్ను, నోరు కాదు." చల్లగా ఒక చుక్క కంట్లో పడింది. వెంటనే నుదుటి మీద ఇంకొకటి పడింది, అది వెచ్చగా ఉంది.

"ఏందే?"

"నాకూ నీ జబ్బే అంటుకున్నట్టుంది. ఫ్యాను గాలి" అంది ముక్కు ఎగబీలుస్తూ.

కరెంటు పోయి అప్పటికే చాలాసేపైంది, నెత్తి మీద ఫ్యాను తిరగడం లేదు. ఆ మాట నేను అనలేదు.

ఇప్పుడు చర్చిలో చోటు మార్చాను, కళ్లు చాలావరకు కుదుటపడ్డాయి. చెంపలు పొడిగా ఉండేసరికి నా భక్తి తగ్గిందేమోనని అమ్మగారు బెంగపడి ఇంటికొచ్చి ప్రార్థన చేసి వెళ్లారు. మనసులో మాట చెప్పడానికి కన్నీళ్ల మీద ఆధారపడితే ఎప్పుడో ఒకప్పుడు డాక్టరు బయటపెడతారు, అంతకంటే నోరు తెరిచి చెప్పడమే సుళువు అని నాకు ఆ మెస్సులో తెలిసింది. ఇక వెళ్లేవాళ్లకు ఒక్క మాట. చుక్కలు సొంతంగా వేసుకుంటే సగం చెంపల పాలవుతాయి, అందుకని ఎవరినైనా తోడు తీసుకెళ్లి, వేసే పద్ధతి వాళ్లకు కూడా డాక్టరు చేత చెప్పించండి. మీతో మాటల్లేని మనిషి ఎవరైనా ఉంటే వాళ్లనే పిలవండి. రోజుకు నాలుగు సార్లు మొహంలో మొహం పెట్టి చూడక తప్పదు.