లారీ పంపుకు పళ్ళ అద్దం

మా ఆయనకు తన చెవి మీద ఉన్న నమ్మకం నా మీద ఎన్నడూ లేదు. లారీ ఇంజను నడుస్తుంటే స్క్రూడ్రైవరు కొన పంపుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుంటారు. ఇంజనుకు డీజిలు అందించేది ఆ పంపే. అది కాస్త ఆలస్యంగా అందించినా లారీ నల్లగా పొగ కక్కుతుంది. అప్పుడు బోల్టులు వదులు చేసి, పంపును వెంట్రుకవాసి అటో ఇటో తిప్పి బిగించాలి. ఎంత తిప్పాలో తెలియడానికి పంపు మీద ఒక గీత, ఇంజను మీద ఒక గీత ఉంటాయి. రెండూ కలిస్తే చాలు. కానీ మా ఆయన లెక్కలో గీతలు చూసి పని చేసేవాడు మెకానిక్కే కాడు, గుమస్తా.

అంతటి మనిషి బిగించిన పంపుతో సొంత అక్కగారి లారీయే పొగ పరీక్షలో తప్పింది.

వదిన ఇటుకల లారీ తనే నడుపుకుంటుంది. ఆవిడకు వేరే ఆధారం లేదు. ఆ సాయంత్రం మళ్ళీ పరీక్ష. ఈసారీ తప్పితే లారీని రోడ్డెక్కనివ్వరు. పొద్దున్నే షెడ్డుకు వచ్చి తమ్ముణ్ణి నిలదీసింది.

"ఏరా, నీ చెవికేమొచ్చింది?"

"నా చెవికేం? నీ డీజిలే మంచిది కాదు."

ఆడలేక మద్దెల ఓడు అన్నాడట వెనకటికొకడు. ఆ చెవికేమొచ్చిందో నాకు తెలుసు. కింది దవడలో పన్ను పుచ్చి, చెంప వాచి, చెవిలో ఒకటే హోరని నిద్రలో మూలిగేవారు. ఆ హోరులో విని బిగించిన పంపు పొగ కక్కక ఏం చేస్తుంది? లేచాక అడిగితే మాత్రం "ఏం లేదే" అనేవారు. జాకీ మీద లేపిన లారీ కింద హాయిగా కునుకు తీసే మనిషికి పళ్ళ డాక్టరంటే వణుకు.

"చెవి మాట కట్టిపెట్టు. ఆ గీతలేవో చూసి బిగించు" అని వదిన తేల్చేసింది.

తీరా చూస్తే గీతలు పంపుకూ ఇంజనుకూ మధ్య సందులో, లోపలివైపు ఉన్నాయి. తల పట్టదు, సెల్‌ఫోను దూరదు. మా ఆయన నేను ముఖం చూసుకునే అద్దాన్ని నా గరిటెకే టేపుతో చుట్టి సందులోకి దించారు. అది జారి పడి ముక్కలైంది. పెంకులు ఏరి పారేశాక నా స్టీలు గరిటె ఇంకోటి తెచ్చి, దాన్నే అద్దంలా పట్టారు. అందులో పంపు, ఇంజను, ఆయన మీసం అన్నీ తలకిందులుగా కనబడ్డాయి. నా వంటిల్లు సగం షెడ్డుకు చేరేసరికి నాకు ఒళ్ళు మండింది.

"మీక్కావాల్సిన అద్దం ఒకరి దగ్గరుంది. పొడుగు కాడ, చివర గోరంత బిళ్ళ" అన్నాను.

"ఎవరి దగ్గరే? ముందే చెప్పి ఏడవొచ్చుగా!"

"పళ్ళ డాక్టరమ్మ దగ్గర."

ఆయన చేతిలోని గరిటె కింద పడింది.

అద్దం అడిగి తెచ్చుకోవడమే, మరేం లేదని నచ్చజెప్పి, నేనో చెయ్యి, వదినో చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాం. డాక్టరమ్మ అంతా విని నవ్వింది. "ఒక పాత అద్దం ఇస్తాను. ముందు ఆ చెంప చూడనివ్వండి."

"నేను అద్దం కోసం వచ్చానండీ."

"ఆ అద్దం ముందు మీ నోట్లోకి వెళ్ళాకే మీ లారీలోకి వెళ్తుంది."

మా ఆయన తలుపు వైపు చూశారు. అక్కడ వదిన నిలబడి ఉంది. "నా బండిరా, తమ్ముడూ" అంది, అంతే. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని నోరు తెరిచారు. పెళ్ళయిన నాటి నుంచి ఆయన్ను సాధిస్తూ వచ్చిన నాకు ఆ క్షణాన ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పొంగుకొచ్చింది.

ఆయన పుచ్చు పన్ను పీకించుకుని నోటి నిండా దూదితో, మేము అద్దంతో తిరిగి వచ్చాం. తల వంచకూడదు, నోరు తెరవకూడదని డాక్టరమ్మ ఆజ్ఞ. మరి సందులోకి వంగేదెవరు? వదిన ఎన్నిసార్లు నేర్పమన్నా "నువ్వు స్టీరింగు తిప్పు చాలు" అని పానా ముట్టుకోనివ్వని పెద్దమనిషి, ఇప్పుడు మింగలేక కక్కలేక దాన్ని అక్క చేతిలో పెట్టారు.

వదిన అద్దం దించింది. నేను టార్చి పట్టాను. ఆయన వెనక నిలబడి చేతులు ఊపుతూ "ఊఁ, ఊఁ" అంటున్నారు.

"ఊఁ అంటే తిప్పమనా, వద్దనా?"

ఆయన నేల మీద కాలు దబదబా కొట్టారు. వదిన ఇక ఆయన వైపు చూడటం మానేసింది. పెదవి కొరుక్కుంటూ పంపును కొద్దికొద్దిగా తోసి, "కలిశాయ్!" అని అరిచి, తానే బోల్టులు బిగించింది. ఇంజను స్టార్టు చేయగానే ఆయన స్క్రూడ్రైవరు చెవి దగ్గరికి తీసుకెళ్ళబోతే లాగేసుకుంది కూడా.

సాయంత్రం పరీక్ష చేసే అతను లారీ రేజు చేయించి, మీటరు చూసి, పొగ గొట్టం వైపు వంగి మరీ చూశాడు. పొగ పల్చగా వచ్చి గాలిలో కలిసిపోయింది.

"పాసయింది. పంపు ఎవరు బిగించారు?"

"మా తమ్ముడండీ" అంది వదిన, అలవాటుగా.

మా ఆయన అడ్డంగా తల ఊపారు. డాక్టరమ్మ ఆజ్ఞ సంగతి మరిచి నోట్లోంచి దూది తీసి పారేశారు.

"కాదండీ. మా అక్క బిగించింది. నేను వంక పెట్టడానికి లేకుండా బిగించింది."

లారీ తప్పిన రోజున కూడా కంటతడి పెట్టని వదిన కళ్ళు నిండిపోయాయి. కొంగుతో తమ్ముడి గడ్డం తుడుస్తూ, "నోరు మూసుకోరా, చొక్కా అంతా రక్తం" అని కసిరింది.